సముద్రగర్భమున కావలి

2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేది ఆదివారము. క్రిస్మసు పండుగకు మఱునాడు. రెండు రాత్రులు ఇంటింటికి దిరిగి పాటలు పాడిన పిల్లలు ఇంకను నిద్ర లేవలేదు. పెద్దలు ఆరాధనకు సిద్ధమగుచుండిరి. నాడు పున్నమియు నగుటచే సముద్రస్నానమునకై రేవులకు బోయిన హిందూ సోదరులు ననేకులుండిరి. ఉదయము 6 గంటల 28 నిమిషములు దాటునప్పటికి సుమత్రా దీవికి పడమట సముద్రము క్రింద భూమి పగిలెను. ఆ పగులు ఉత్తరముగా అండమాను దీవులవఱకు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున సాగెను. మన తీరమున కొందఱకు మంచము కదలినట్లును, కడవలో నీరు తొణకినట్లును తోచెను. అంతకుమించి యేమియు లేదు. తొమ్మిది గంటల ప్రాంతమున సముద్రము చెన్నపట్టణమునను విశాఖపట్టణమునను వాని నడుమనున్న పల్లెలయందును లేచి వచ్చెను.

ఆ భూకంపమునకును ఈ అలకును నడుమ రెండు గంటలకు మించిన కాలము గడచెను. చదువరులు ఈ మాటను మరల నొకసారి చదువవలెనని మా మనవి. రెండు గంటలలో మా పాఠశాలయందు మూడు పాఠములు జరుగును. చేతికఱ్ఱ ఊతగా గల ముసలియామెయైనను ఆ వేళకు రెండు మైళ్లు నడువగలదు. అయినను మన దేశమున పదివేలకు మించిన జనులు మరణించిరి. ఆంధ్రతీరమున మృతులు నూటికి పైబడిరి. హిందూ మహాసముద్రము చుట్టునున్న దేశములన్నిటిలో కలిపి 2,20,000కు పైగా ప్రాణములు పోయెను. వేళాంగణ్ణిలో మేరీమాత దర్శనమునకు వచ్చిన యాత్రికులనేకులు ఇసుకమీదనే కొట్టుకొనిపోయిరి. మన తీరమున చనిపోయినవారిలో పెక్కుమంది, ఆ రెండు గంటలలో ఒక్కమాట చెవిని పడియుండినచో నేటికిని బ్రతికియుందురని మా దృఢాభిప్రాయము. ఆ మాట ఎక్కడినుండి రావలెనో విచారించుటకే ఈ వ్యాసమునకు బూనుకొంటిమి.

భూకంపమును కనిపెట్టినవారు నాడు లేకపోలేదు. హవాయి దీవులలో 1949 నుండి పసిఫిక్ మహాసముద్రపు సునామి హెచ్చరిక కేంద్ర మొకటి గలదు. అచ్చటివారు పదునైదు నిమిషములలోనే భూకంపవార్తను ప్రకటించిరి. కాని వారు లెక్కించిన పరిమాణము 8.0 మాత్రమే. నిజమైన పరిమాణము 9.1 అని తరువాత తేలెను. పసిఫిక్ తీరమునకు ప్రమాదము లేదని వారు చెప్పిరి. హిందూ మహాసముద్రపు తీరములయందు ఎవరికి చెప్పవలెనో వారి కడ చిరునామాలే లేవు. మన రాజధానిలో నొక వర్తమానము పొరపాటున పదవి విడిచిన మంత్రి యింటికి బోయెనని నాటి పత్రికలు వ్రాసెను. నవ్వు పుట్టించు ఈ సంగతిని మేము నవ్వుటకై వ్రాయలేదు. వార్త యుండియు ద్వారము తెలియనప్పుడు అది లేనిదానితో సమానము.

ఇచ్చట మాటను గూర్చి యొక చిన్న సంగతి చెప్పవలసియున్నది. మన పిల్లలు సునామిని ఉప్పెన యనియు, ఉప్పెనను సునామి యనియు వ్రాయుచున్నారు. ఉప్పెన తుపాను పుట్టించునది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరులో సుమారు ముప్పదివేలమందిని మ్రింగినది ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టినదియు ఉప్పెనయే. దానికి ముందు ఆకాశము నల్లబడును, గాలి రేగును, పక్షులు పాఱిపోవును. సునామి యట్లు కాదు. అది జపాను మాట. రేవున లేచు అల యని దాని యర్థము. నిర్మలమైన ఆకాశము క్రింద, ఎండ కాయుచుండగా, పిల్లలు గవ్వలేరుకొనుచుండగా అది వచ్చును. పైని చూచి దానిని కనుగొనలేము. దాని జాడ తెలియవలెనన్నచో క్రిందికి, మిక్కిలి క్రిందికి పోవలెను.

మా పదవ తరగతి పిల్లలచే ఒక లెక్క చేయించితిమి. సునామి వేగము నీటి లోతునుబట్టి యుండును. లోతును గురుత్వత్వరణముచే గుణించి దానికి వర్గమూలము కట్టినచో వేగము వచ్చును. నాలుగువేల మీటర్ల లోతున అది గంటకు 700 కిలోమీటర్లు దాటును, అనగా విమానముతో పందెము వేయును. పదిమీటర్ల లోతునకు వచ్చునప్పటికి గంటకు 36 కిలోమీటర్లకు దిగును. వేగము తగ్గినకొలది వెనుకనున్న నీరు ముందున్న దానిపై నెక్కి ఎత్తు పెరుగును. నడిసముద్రమున మాత్రము దాని యెత్తు అల్పము. 2004లో భూకంపమైన రెండు గంటలకు ఆ మీదుగా పోయిన జేసన్ అను కృత్రిమోపగ్రహము కొలువగా, లక్షలమందిని చంపనున్న ఆ అల నడిసముద్రమున సుమారు అఱువది సెంటీమీటర్లు మాత్రమే యుండెను. ఓడలోనివాడు దానిపై నుండి పోయినను ఎఱుగడు.

అట్లయిన భూకంపమాపకములు చాలవా యని యడుగవచ్చును. చాలవు. ఏలయన సముద్రము క్రింద పుట్టిన ప్రతి పెద్ద భూకంపమును సునామిని పుట్టింపదు. 2012 ఏప్రిల్ 11న అదే సుమత్రా చెంత 8.6 పరిమాణముగల భూకంపము వచ్చెను. చెన్నపట్టణమున జనులు మేడలు దిగి వీథులలో నిలిచిరి. కాని ఆ దినమున భూమి పొరలు ప్రక్కప్రక్కకు జరిగినవేగాని పైకి లేవలేదు. పైకి లేవనిచో మీది నీరును లేవదు. అల అల్పముగానే యుండెను. భూమి ఎంత గట్టిగా కదలినదని భూకంపమాపకము చెప్పగలదు. సముద్రము కదలినదా లేదా యని సముద్రమునే యడుగవలెను. ప్రతి భూకంపమునకును తీరవాసులను ఇండ్లు విడిపించి పరుగెత్తించినచో నాలుగవసారి యెవడును కదలడు. నాన్నా పులి కథ మన బాలురకు తెలిసినదే.

సముద్రము నడుగుట యెట్లు? అడుగున పీడనలేఖిని యను యంత్రము నుంతురు. దాని హృదయము ఒక స్ఫటికపు ముక్క. అది నిరంతరము కంపించుచుండును; మీది నీటి బరువు హెచ్చినను తగ్గినను ఆ కంపముల సంఖ్య మాఱును. సుమారు నాలుగు కిలోమీటర్ల నీటి బరువు మోయుచు కూర్చుండియు, పైని నీటిమట్టము ఒక్క సెంటీమీటరు హెచ్చినచో అది చెప్పగలదు. క్వింటాలు వడ్ల బస్తానుండి పదిపండ్రెండు గింజలు తీసినచో ఆ తఱుగును చూపగల త్రాసును ఊహించుకొనుడు. గాలికి లేచు సాధారణపు అలల యలజడి ఆ లోతునకు దిగదు. ఆటుపోటులు మెల్లగా వచ్చి మెల్లగా పోవును గనుక వానిని లెక్కలో తీసివేయవచ్చును. సునామి మాత్రము ఉపరితలమునుండి అడుగువఱకు నీటినంతయు కదలించును గనుక దాగియుండజాలదు. యంత్రము తాను కనిపెట్టిన దానిని శబ్దరూపమున పైకి పంపును. నీటిలో శబ్దము సెకనుకు సుమారు 1,500 మీటర్లు పాఱును. మూడు సెకనులలోపల అది పైనున్న బోయాకు చేరును. బోయానుండి కృత్రిమోపగ్రహమునకును, అటనుండి తీరమునకును వార్త పోవును.

2004లో ఇట్టి యంత్రములు పసిఫిక్ సముద్రమున ఆఱు మాత్రమే యుండెను. హిందూ మహాసముద్రమున ఒక్కటియు లేకుండెను. ఆ విపత్తు పిమ్మట మన దేశము సుమారు 125 కోట్ల రూపాయల వ్యయముతో హైదరాబాదునందు సునామి హెచ్చరిక కేంద్రమును నెలకొల్పెను. 2007 అక్టోబరునుండి అది రాత్రింబవళ్లు మేలుకొనియున్నది. సముద్రమునకు మూడువందల కిలోమీటర్ల దూరమున, రాతిగుట్టల నడుమ, బంగాళాఖాతమునకు కాపలా కాయుట వింతగా తోచును గాని, కావలివాడు అల తాకనిచోట నుండుటయే మేలు. భూకంపమైన పది నిమిషములలో మొదటి ప్రకటన వెలువరించుట వారి నియమము. వేలకొలది భూకంపములను ముందుగానే లెక్కగట్టి, ఏది యెక్కడ వచ్చిన ఏ తీరమున నెంత నీరు లేచునో సిద్ధము చేసియుంచిరి. తరువాత సముద్రపుటడుగు యంత్రములును రేవులలోని నీటిమట్టపు కొలతలును ఆ లెక్కను బలపఱచును, లేదా కొట్టివేయును. 2011 నుండి ఈ కేంద్రము ఆస్ట్రేలియా, ఇండొనేషియా దేశముల కేంద్రములతో కలిసి హిందూ మహాసముద్రపు దేశములన్నిటికిని వార్త లందించుచున్నది. పరులకు చెప్పువారు లేక చచ్చిన దేశము ఏడేండ్లలో పరులకు చెప్పునదాయెను. ఇందులకు మేము గర్వించుచున్నాము, దాచుకొనము.

అయినను ఈ విషయమున రెండు ఆక్షేపణలు మా చెవిని పడినవి. మొదటిది మా సంఘములోనిదే. దైవచిత్తమైన దానిని యంత్రముతో అడ్డగింప జూచుట అవిశ్వాసమని కొందఱందురు. 2004 తరువాత, అది పాపులకు వచ్చిన శిక్షయని బోధించినవారును లేకపోలేదు. వేళాంగణ్ణిలో ప్రార్థనకు వచ్చినవారిని జ్ఞాపకము చేసికొనుడు. 1755 నవంబరు 1వ తేదీ సకల పరిశుద్ధుల పండుగనాడు లిస్బను నగరపు దేవాలయములు క్రిక్కిఱిసియుండగా భూమి కంపించి, పిమ్మట సముద్రము పొంగిన సంగతి జ్ఞాపకము చేసికొనుడు. సిలోయము గోపురము కూలి మరణించినవారిని గూర్చి ప్రభువేమి సెలవిచ్చెనో మన ఆదివార పాఠశాల పిల్లలెఱుగుదురు. ఎఱిగియు పెద్దలు మఱచుట విచారకరము. ఇక యెహెజ్కేలు గ్రంథమందలి కావలివాని సంగతి మాకు యంత్రములకంటె ముందే తెలియును. అపాయము చూచియు బూర ఊదనివాడు నిరపరాధి కాడు.

రెండవ ఆక్షేపణ ధనమును గూర్చినది. ఒక పిల్లవాని తండ్రి మాతో నిట్లనెను: "మాస్టరుగారూ, ఇరువదేండ్లాయెను, ఒక్క సునామియు రాలేదు గదా. బడికి కప్పు కారుచుండగా సముద్రపుటడుగున కోట్లు పోయుట ఎందుకండీ?" కప్పు కారుచున్నమాట నిజమే, మేము కాదనలేదు. కాని ఆయన చెప్పిన మొదటి మాటయే మాకు భయము పుట్టించుచున్నది. రాని సంవత్సరములే అపాయకరములు. 1881 డిసెంబరు 31న కారునికోబారు చెంత భూకంపము వచ్చి, దాని అల విశాఖపట్టణపు రేవులోని నీటిమట్టపు యంత్రముపై గీత గీసెను. ఆ గీత కాగితముమీద నుండెను. జనుల మనస్సులో నుండలేదు. నూటయిరువదియేండ్లు దాటినపిమ్మట, మన సముద్రమునకు ఇట్టిది రానేరదని చదివినవారే పలికిరి.

ఇండొనేషియా దేశపు సంగతి చూడుడు. 2004 తరువాత వారును బోయాలను తేలవేసిరి. వాని సంఖ్య ఇరువదిరెండు. కాలము గడచెను. కొన్నిటిని దొంగలు ఊడ్చిరి, కొన్నిటిని పడవలు తాకి చెఱచెను, బాగుచేయించుటకు ధనము రాలేదు. 2012 నుండి వానిలో నొక్కటియు పనిచేయలేదని 2018లో ఆ దేశపు అధికారులే యొప్పుకొనిరి. ఆ యేడు సెప్టెంబరు 28న సులవేసి దీవిలోని పాలు నగరమున భూకంపమును సునామియు వచ్చి నాలుగువేలమందికి పైగా మరణించిరి. న్యాయముగా చెప్పవలెనన్న, ఆ యిఱుకు అఖాతమున అల కొలది నిమిషములలోనే వచ్చెను గనుక బోయాలు పనిచేసియుండినను ఎంత మేలు జరిగెడిదో సందేహమే. కాని అవి యాఱేండ్లు చచ్చిపడియుండుట ఎవరికిని బాధ కలిగింపకపోయెనను మాట మిగిలియేయున్నది.

బోయాలను చెఱచువారిని దొంగలని తిట్టుట సులభము. మా విద్యార్థి తండ్రి, వేటకు నడిసముద్రమునకు బోవునాయన, పాఠశాల వార్షికోత్సవమునకు వచ్చినపుడు ఈ ప్రసంగము వచ్చెను. "అయ్యా, ఆ డబ్బా నీడకు చేపలు చేరతాయి. మేము పోకపోతే వేఱొకడు పోతాడు. తాడు కట్టుకొంటాము, వల చిక్కితే కోసుకొంటాము" అని దాపరికము లేక చెప్పెను. అది యేమిటో, ఎందులకో మేము వివరించితిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, "అది మా పిల్లలకోసం పెట్టినారని మాకెవరు చెప్పినారండీ?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. తీరగ్రామములలో అధికారులు మత్స్యకారులకు బోధలు చేయుచున్నారని వినుచున్నాము. అది మిక్కిలి మంచిపని. ఆయన గ్రామమునకు మాత్రము ఆ బోధ చేరలేదు. కోట్ల రూపాయల యంత్రము పట్టుకొమ్మ తీరపు పల్లెలోని స్నేహమే యని మాకు నాడు తెలిసెను.

బోయా లేకుండ చేయు మార్గము లేకపోలేదు. జపానువారు సముద్రపుటడుగున తంతిని పఱచి, దానికి పూసలవలె యంత్రములను కూర్చిరి. తంతిద్వారా విద్యుత్తు పోవును, వార్త వచ్చును. పైని తేలునదేమియు లేదు. ఇది వారు సులభముగా నేర్చిన పాఠము కాదు. 2011 మార్చి 11న మధ్యాహ్నము 2 గంటల 46 నిమిషములకు వారి యీశాన్యతీరమున 9.0 పరిమాణముగల భూకంపము వచ్చెను. మూడు నిమిషములలో హెచ్చరిక వెలువడెను. ఇంత త్వరగా హెచ్చరించిన దేశము వేఱొకటి లేదు. కాని త్వరపాటున పరిమాణము 7.9గా లెక్కకు వచ్చెను. ఇవాటె మండలమునకు మూడు మీటర్ల అల యని చెప్పిరి. మూడు మీటర్లయిన మన గోడ ఆపునని తలంచి నిలిచినవారెందఱో! ఆ మండలపు కమాయిషి పట్టణమున కెదుట సముద్రపుటడుగున తంతికి కట్టిన రెండు పీడనలేఖినులు 1996 నుండి యుండెను. సముద్రమట్టము మొదట మెల్లగా రెండు మీటర్లు, పిమ్మట ఒక్కసారిగా మఱి మూడు మీటర్లు లేచినట్లు అందు దూరపు యంత్రము వ్రాసెను. నడిసముద్రమున అయిదు మీటర్లన్న తీరమున నెంత యగునో లెక్క తెలిసినవాడు వణకవలసినదే. కాని ఇట్టి కొలతలను వెంటనే హెచ్చరికగా మార్చు ఏర్పాటు నాటికి పూర్తిగా సమకూడలేదు. 3 గంటల 14 నిమిషములకు హెచ్చరికను పెంచిరి. అప్పటికి విద్యుత్తు పోయి పెక్కుమందికి ఆ మాట వినబడలేదు. కొంతసేపటికి తీరముననున్న ఆ తంతి కేంద్రమునే అల కూల్చివేసెను. అడుగున యంత్రములు మాత్రము చెక్కుచెదరక కూర్చుండెను, వినువాడే లేడు. పదునెనిమిదివేలమందికి పైగా చనిపోయిరి, కనబడకపోయిరి.

పిమ్మట వారు ఆ తీరమంతట 150 కేంద్రములను సుమారు 5,500 కిలోమీటర్ల తంతితో కలిపి 2017 నాటికి పని పూర్తిచేసిరి. దానికి ఎస్-నెట్ అని పేరు. దక్షిణమున నంకాయి లోయపై డోనెట్ అనునది అంతకుముందే గలదు. దాని కేంద్రములు 51. ఆ లోయకే పడమటి భాగమున మఱి 36 కేంద్రములను 2019లో మొదలిడిరి. ఎస్-నెట్ వలన సునామి వార్త మునుపటికంటె ఇరువది నిమిషములవఱకు ముందుగా తెలియగలదని వారి లెక్క. ఇరువది నిమిషములకై అయిదువేల కిలోమీటర్ల తంతియా యని నవ్వువారు, ఆ ఇరువది నిమిషములు తమ బిడ్డకు కావలసివచ్చునప్పుడు ఎంత వెల యిత్తురో చెప్పవలెను.

ఇక మన సంగతి. ఆంధ్రతీరమునకు అండమాను దిక్కునుండి అల వచ్చుటకు రెండు గంటలు పట్టును గనుక బోయాలు సరిగా నడచినచో మనకు చాలవచ్చును. నికోబారువారికి చాలవు. పగులు వారి యింటి క్రిందనే యున్నది. అల నిమిషములలో వచ్చును. వారికి తంతి కావలెను. చెన్నపట్టణమునుండి పోర్టుబ్లెయరునకును ఇతర దీవులకును సుమారు 2,300 కిలోమీటర్ల సమాచారతంతి 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యెను. దీవులవారు ఫోనులో మాటాడుకొనుటకు సముద్రపుటడుగున తంతి వేయగల దేశము, ఆ సముద్రము చెప్పునది వినుటకును వేయగలదు. ఇకముందు వేయు సమాచారతంతులలోనే పీడనమును, కంపమును కొలుచు యంత్రములను ఇముడ్చవలెనని ఐక్యరాజ్యసమితి సంస్థలు కొన్ని 2012 నుండి యత్నించుచున్నవి. 1755ను మఱువని పోర్చుగల్ దేశము అజోర్సు, మదైరా దీవులకు వేయు క్రొత్త తంతిలో నట్లు చేయ నిశ్చయించినది. మనమును అండమాను దిక్కున అదే త్రోవ పట్టవలెనని మా అభిప్రాయము. అది వచ్చువఱకు నికోబారు పిల్లవానికి ఒక్కటే మాట నేర్పవలెను: నేల నిలువలేనంతగా కదలినచో ఎవరి యానతికిని కాచుకొనక ఎత్తునకు పరుగెత్తుము. సుమత్రా ప్రక్కనున్న సిములువే దీవివారికి 1907 నాటి అలను గూర్చి తాతలు చెప్పిన మాట యుండెను. 2004లో అల వారినే మొదట తాకినను, సుమారు డెబ్బదెనిమిదివేల జనులలో ఏడుగురే చనిపోయిరి. వారి కడ యంత్ర మేదియు లేదు.

ఈ సంగతి చెప్పగానే మా తోడి ఉపాధ్యాయు లొకరు, అట్లయిన పాటయు కథయు చాలును గదా యనిరి. మా తీరమున చాలవు. సిములువేలో కొండలున్నవి. మన కృష్ణా గోదావరుల నోటనున్న పల్లెలలో కాలువగట్టే కొండ. సుమత్రాలో భూమి కదలిన మనకు కాలు తడబడదు గూడ. జపానువారివలె కొండకు పరుగెత్తుమని పాఠపుస్తకమున వ్రాసిన మన పిల్లవాడు ఏ దిక్కునకు పరుగెత్తును? మనకున్న కొండ ఆ రెండు గంటల కాలమే. దానిని మనకిచ్చునవి ఆ యంత్రములే.

కాలము దొరికినంతమాత్రమున పని కాదు. ఉపాధ్యాయులము గనుక ఈ మాట మాకు కష్టమైనను వ్రాయుచున్నాము. 2011లో ఇషినొమాకి పట్టణమునకు చేరిన ఒకావా ప్రాథమిక పాఠశాల సముద్రమునకు సుమారు నాలుగు కిలోమీటర్ల దూరమున నదియొడ్డున నుండెను. పటములో అది అపాయపు గీతకు వెలుపల నుండెను. భూకంపము తరువాత ఉపాధ్యాయులు పిల్లలను ఆటస్థలమున వరుసగా కూర్చుండబెట్టిరి. వెనుక కొండ గలదు. హెచ్చరికయు వినబడెను. ఎక్కుదమా వలదా యని చర్చించుచు సుమారు ఏబది నిమిషములు గడపిరి. డెబ్బదినలుగురు పిల్లలును పదిమంది ఉపాధ్యాయులును చనిపోయిరి. తల్లిదండ్రులు వ్యాజ్యము వేసిరి; 2019లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమున తీర్పు వారి పక్షమున నిలిచెను. ముందుగా ఏర్పాటు చేయనందులకు తప్పు పాలకులదని దాని సారాంశము. ఆ ఉపాధ్యాయులు దుష్టులు కారు. వారు మావంటివారే, వరుస చెడకూడదనియు, పిల్లలు కొండపై జారిపడుదురేమో యనియు వెఱచినవారు. ఆ యేబది నిమిషములను తలంచినపుడెల్ల మాకు నిద్ర పట్టదు. అదే దినమున కమాయిషిలోని ఉనొసుమాయి పాఠశాలల పిల్లలు మొదట నిర్ణయించిన చోటు చాలదని యెంచి ఇంకను ఎత్తునకు, మరల ఇంకను ఎత్తునకు పరుగెత్తిరి. పెద్దపిల్లలు చిన్నవారి చేతులు పట్టుకొనిరి. వారికి ఏండ్ల తరబడి అభ్యాసము చేయించియుండిరి. పటమును నమ్మవలదని గూడ నేర్పియుండిరి.

ఒడిస్సా తీరమున వెంకటరాయిపురము, నోలియాసాహి యను రెండు పల్లెలకు 2020లో యునెస్కోవారు సునామికి సిద్ధముగా నున్న గ్రామములని గుర్తింపు నిచ్చిరి. నోలియాలు మన తెలుగు మాటాడు జాలరులే. పలకలు నాటుట, త్రోవలు గుర్తించుట, ఇంటింటికి వార్త చేర్చు మనుష్యులను ఏర్పఱచుట వారు చేసినపనులు. వారు చేసినది మనము చేయలేమా?

ఈ సంవత్సరము మా పాఠశాలలో నవంబరు 5న, ప్రపంచ సునామి దినమున, అభ్యాసము చేసితిమి. పాఠము మాఱుటకు గంట మూడుమార్లు మ్రోగును. అపాయమునకు ఆగక మ్రోగవలెనని నిర్ణయించితిమి. మొదటిసారి పిల్లలు సెలవు గంట యనుకొని కేకలు వేయుచు ద్వారమువైపు, అనగా సముద్రమువైపు, పరుగెత్తిరి. రెండవసారి మేడమెట్లకడ త్రోపులాట జరిగి ఇద్దఱు చిన్నపిల్లలు పడిరి. మూడవసారి తొమ్మిదవ తరగతివారిని మెట్లకిరువైపుల నిలిపి, ఆఱవ తరగతివారిని ముందెక్కించితిమి. అందఱును క్రమముగా పైకి చేరిరి. చేరి చూడగా డాబా తలుపునకు తాళము వేసియుండెను. తాళపుచెవి కావలివాని కడ గలదనిరి. ఆయన భోజనమునకు ఇంటికి బోయియుండెను. ఆ తాళపుచెవి ఇప్పుడు గంట ప్రక్కన మేకునకు వ్రేలాడుచున్నది.